వేలు చెప్పిన జవాబు

మనిషి చెప్పే అబద్ధాలన్నిటిలోకీ చిన్నది, ఎక్కువసార్లు చెప్పేది ఒకటుంది. "బాగున్నాను" అనే మాట. ఆ ఒక్క అబద్ధాన్ని పట్టుకోవడానికి నేను ఆరేళ్లు కష్టపడ్డాను. పట్టుకున్నాను కూడా. కాని చిక్కిన ఆ అబద్ధం ఎవరిదో తెలుసుకోవడానికి నాకు ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆ ఇరవై ఆరు రోజుల సంగతే ఇది.

మా ల్యాబ్ విశాఖపట్నంలో, మూతపడ్డ ఒక నర్సింగ్‌హోమ్ పై అంతస్తులో ఉండేది. మేం తయారుచేసిన వస్తువు చూడటానికి మామూలు ట్యాబ్ లాగానే ఉంటుంది. తెర మీద పద్దెనిమిది ప్రశ్నలు వస్తాయి. గత పదిహేను రోజుల్లో నిద్ర పట్టడం లేదా, ఆకలి వేయడం లేదా, పని మీద మనసు నిలవడం లేదా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్న కింద నాలుగు గడులు: అసలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, దాదాపు రోజూ. మనసులో బాధ ఎంతుందో తెలుసుకోవడానికి ఇలాంటి ప్రశ్నపత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అన్నిచోట్లా ఒకటే చిక్కు. జనం నలుగురిలో మంచిగా కనబడే గడి మీద నొక్కేసి ఇంటికి వెళ్లిపోతారు.

మొదటిసారి దాన్ని మా డైరెక్టర్ డాక్టర్ భానోజీరావు గారి మీదే ప్రయోగించాం. ఆయన హుషారుగా కూర్చుని పద్దెనిమిదింటికీ టకటకా నొక్కేశారు. "గుండ్రాయిలా ఉన్నాను, రాసుకోండి" అన్నారు. తెర మీద రెండు అంకెలు వచ్చాయి; బాధ ఎంత ఎక్కువైతే అంకె అంత పెద్దది. నోటిమార్కు, అంటే నొక్కిన జవాబులది, మూడు. వేలిమార్కు ముప్పై ఒకటి.

ఆయన నవ్వబోయారు. నేను నాలుగో ప్రశ్న మళ్లీ తెరిచి చూపించాను. "ఎవరూ లేనట్టు అనిపిస్తోందా?" అన్నదానికి ఆయన నొక్కింది "అసలు లేదు". తెర మీద సన్నటి ఎర్రగీత మాత్రం వేరే దారిలో వెళ్లింది. ఆయన వేలు అద్దాన్ని తాకకముందు, ఇంకా అరంగుళం పైన గాలిలో ఉండగానే, "దాదాపు రోజూ" గడి వైపు దిగబోయింది. అక్కడ ఆగి, వణికి, పక్కకి తిరిగింది. ఇదంతా రెప్పపాటు కూడా కాదు. ఆయనకే తెలియదు. మా అద్దం గాలిలోని వేలిని కూడా చూస్తుంది కాబట్టి దానికి తెలిసింది.

భానోజీ గారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు. అరగంట తర్వాత వచ్చి, "మా ఆవిడ పోయి డిసెంబరుకి రెండేళ్లు నీలవేణీ. నేను బాగానే ఉన్నాననుకుంటున్నాను ఇన్నాళ్లూ" అన్నారు. కళ్లద్దాలు తుడుచుకుని, ఊళ్లలో పరీక్షకి అనుమతి కావాలని ఆ సాయంత్రమే ప్రభుత్వానికి ఉత్తరం రాశారు.

మొదటి విడత పలాసలో చేద్దామన్నది నేనే. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు రెండు వందల మందికి పైగా ఒకేచోట ఉంటారని, వాళ్లని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదని నివేదికలో రాశాను. అది మా ఊరని రాయలేదు. అక్కడ ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త దమయంతి మా అప్ప అనీ రాయలేదు. మా వైపు అక్కని అప్ప అంటాం.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అప్పకి పదహారు. పదో తరగతి పరీక్షలు అయిన వారానికే అప్ప జీడిగింజలు కోసే మిషను ముందు కూర్చుంది. కాలితో తొక్కితే కత్తి దిగి గింజని రెండు చెక్కలు చేస్తుంది. ఒకరోజు గింజతో పాటు కుడిచేతి చూపుడు వేలు కూడా కత్తి కింద పడింది. తెగిపోలేదు గాని పై కణుపు ఎడమవైపుకి వంగి అతుక్కుని అలాగే ఉండిపోయింది. ఆ చేత్తోనే నాకు జడ వేసేది. ఆ చేత్తోనే నా కాలేజీ దరఖాస్తులు నింపింది. మిషను మాని ఆరోగ్య కార్యకర్తగా చేరాక వేళ్లు మెత్తబడ్డాయి గాని ఆ వంకర పోలేదు. బావ కూర్మారావు కిడ్నీ జబ్బుతో నాలుగేళ్లు డయాలసిస్ మీద బతికి, ఏడాదిన్నర కిందట పోయాడు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో ఆ జబ్బు తొంగిచూడని వీధి లేదు. వాళ్లకి పిల్లల్లేరు. బావ పోయిన పదిహేనో రోజున అప్ప చంకలో సంచీ వేసుకుని పసిపిల్లలకి చుక్కల మందు వెయ్యడానికి వెళ్లిపోయింది. అబ్బ, ఎంత గట్టి మనిషి అని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

అప్పకి శిక్షణ ఇచ్చింది నేనే.

"ప్రశ్న చదివేటప్పుడు నీ ముఖంలో ఏదీ కనబడకూడదప్పా. జాలి కనబడితే వాళ్ల జవాబు మారిపోతుంది" అన్నాను.

"అదా? అది నాకు బాగా వొచ్చునే" అంది అప్ప.

పని మొదలుపెట్టిన రెండోరోజే ఫోన్ చేసింది.

"నీలా, మీ అద్దం ఈళ్ల వేళ్లని లెక్కసెయ్యట్లేదే. మా ఎదురింటి దాలమ్మ పదిసార్లు నొక్కినాది. ఉలకదు, పలకదు."

"చేతులు తడిగా ఉన్నాయేమో. తుడుచుకోమను."

"తడి కాదే, జీడి రసం. వేళ్ల కొనలు కాలిపోయి నల్లగా పెంకు కట్టీసినాయి. అవి మనిషి వేళ్లని దానికి తెలీట్లేదు."

మేం ఆ అద్దాన్ని పరీక్షించింది విశాఖలో కాలేజీ పిల్లల మీద, ఆఫీసు ఉద్యోగుల మీద. మెత్తటి వేళ్లు వాళ్లవి. ఇరవై మూడేళ్లు పలాసలో పెరిగిన నాకు, అప్ప వేళ్లకి కొబ్బరినూనె రాసిన నాకు, జీడి రసం ఏం చేస్తుందో తట్టలేదు. నా ముందు ఆ రోజు పంపాల్సిన కాగితాలు కుప్పగా ఉన్నాయి. నెలాఖరులోగా రెండు వందల మంది పూర్తికావాలి.

"పోనీ చదివేది ఎలాగూ నువ్వే కదా. వాళ్లు ఏది చెప్తే అది నువ్వే నొక్కీ" అన్నాను.

"పరవాలేదేటి?"

"ఏం పరవాలేదప్పా. పని కానీ ముందు."

ఫోన్ పెట్టేసి కాగితాల్లో పడ్డాను. అరంగుళం ఎత్తున ఎగిరే వేలిని పట్టుకునే యంత్రం కనిపెట్టినదాన్ని, ఆ వేలు ఎవరిది అని ఆగి అనుకోలేదు. ఇంతకన్నా పెద్ద బుద్ధితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు.

పందొమ్మిది రోజుల్లో అప్ప రెండు వందల పన్నెండు మందిని పూర్తిచేసింది. ఇరవయ్యో రోజు ఉదయం ఫలితాలు తెరిచాం. భానోజీ గారు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

నోటిమార్కులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఐదు, ఏడు, నాలుగు. వేలిమార్కు మాత్రం ప్రతి ఒక్కరిదీ నలభై దాటింది. ఒక్కరికి కూడా తగ్గలేదు. పదిహేడో ప్రశ్న, "ఈ బతుకు ఇక చాలు అనిపించిందా?" అన్నది. రెండు వందల పన్నెండు మందీ నోటితో "అసలు లేదు" అన్నారు. వేలు రెండు వందల పన్నెండు సార్లూ "దాదాపు రోజూ" వైపు వెళ్లి వెనక్కి తిరిగింది.

భానోజీ గారికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఊళ్లో ఆడవాళ్లందరూ చావు గట్టున నిలబడి నవ్వుతున్నారు నీలవేణీ. ఇన్నాళ్లూ ఎవడికీ కనబడలేదు."

"అందరూనా సార్? ఒక్కరైనా మామూలుగా ఉండరా?"

"నువ్వు చేసిన యంత్రాన్ని నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారమ్మా?"

నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం అడుగున గర్వం కూడా ఉంది. ఆరేళ్ల పని ఫలించింది కదా అనుకున్నాను. పేర్ల జాబితా ఆరోగ్యశాఖకి పంపే మీట నేనే నొక్కాను.

జాబితా పంపితే ఏం జరగాలో నియమాలు కూడా నేనే రాసిపెట్టాను. వేలిమార్కు నలభై దాటితే ఎర్ర జాబితా. నలభై ఎనిమిది గంటల్లో ఇంటికి బృందం వెళ్లాలి. ఇంట్లోవాళ్లకి, పని ఇచ్చినవాళ్లకి తెలియజెయ్యాలి. కత్తి, నిప్పు, మిషను ఉన్న పని నుంచి తప్పించాలి. ల్యాబ్‌లో ఫ్యాను కింద కూర్చుని రాసినప్పుడు ఎంత బాగున్నాయో ఆ నియమాలు!

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసింది. నేను క్యాంటీన్‌లో ఉన్నాను. పళ్లెంలో అన్నం కలుపుకుంటూ, ఫోన్ భుజానికి ఆనించుకుని మాట్లాడాను.

"ఏటే నీలా ఇది? ఫ్యాక్టరీవోళ్లు ఎనభైమందిని మానిపించీసినారు. మతి సరిగా లేనోళ్లని మిషను కాడ కూకోనివ్వం అంతున్నారు. వ్యాన్లేసుకుని ఇంటింటికీ వొచ్చి, మీ అమ్మ ఏడుస్తాదా, మీ అమ్మ ఒక్కర్తీ మాటాడుకుంటాదా అని పిల్లల్ని అడుగుతున్నారు. దాలమ్మ కూతురికి కుదిరిన సంబంధం ఎనక్కి ఎల్లిపోనాది. అందరూ నా మీద పడుతున్నారే. మేం నేదని చెప్తే నువ్వు ఉన్నాదని ఎందుకు నొక్కీసినావు అంతున్నారు."

"నువ్వేం చెయ్యలేదు కదా అప్పా. పైకి లేదంటారు, లోపల ఉంటుంది. యంత్రం ఆ లోపలిది చెప్పింది. కొన్నాళ్లు పోతే వాళ్లకే అర్థమవుతుంది."

"తప్పు చెప్పదేటి అది?"

"చెప్పదు."

అటునుంచి ఎవరో కొళాయి దగ్గర బిందెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"లోపలున్నది దానికి తెలిసిపోద్దా నీలా? ఎవలిదైనా?"

"తెలిసిపోతుందప్పా."

"ఓహో" అంది అప్ప. తర్వాత ఎప్పటిలాగే, "తిన్నావా?" అంది.

"తింటున్నాను. నువ్వో?"

"తిన్నాను."

"బాగున్నావా?"

"నాకేటే, బాగున్నాను."

మా ఫోన్లన్నీ ఇలాగే అయిపోతాయి. ఏళ్ల తరబడి ఇవే నాలుగు మాటలు. ఆరేళ్లు ఒక అబద్ధం వెంటపడి తిరిగినదాన్ని, అది నా చెవిలోనే వారానికి మూడుసార్లు పలుకుతుంటే పెరుగన్నం కలుపుకున్నాను.

ఇరవై ఆరో రోజు, గురువారం ఉదయం తొమ్మిదింటికి ల్యాబ్‌కి వెళ్లాను. దాలమ్మ కూతురి సంబంధం సంగతి మనసులో ముల్లులా గుచ్చుతోంది. అందరికీ నలభై దాటడం ఎలా సాధ్యం? ఒక ఊరంతా దుఃఖంలో ఉండొచ్చు. కాని ఏ ఇద్దరి దుఃఖమూ ఒకే కొలతలో ఉండదు. పదిహేడో ప్రశ్న తాలూకు గీతలు రెండు వందల పన్నెండూ తెచ్చి ఒకదానిమీద ఒకటి పరిచాను.

చిక్కుపడ్డ దారపు ఉండలా కనబడాలి. ఎవరి వేలు వారిది. కొందరిది పైనుంచి దిగుతుంది, కొందరిది పక్కనుంచి జారుతుంది. తెర మీద మాత్రం ఒక్కటే గీత ఉంది. రెండు వందల పన్నెండు గీతలూ కలిసి కాస్త లావుపాటి ఒక్క గీతగా ఉన్నాయి. చివర్లో అద్దాన్ని తాకే చోట ఆ గీత ఎడమవైపుకి చిన్నగా వంగి ఉంది. వేలి కొనతో కాక, వేలి పక్కతో తాకినట్టు.

నాకు ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది. ఆ వంకర నా జడలో తిరిగింది. నా దరఖాస్తుల మీద తిరిగింది.

మేం రెండు వందల పన్నెండు మందిని అడగలేదు. ఒకే మనిషిని రెండు వందల పన్నెండు సార్లు అడిగాం. ఎవరి జవాబు నొక్కాల్సి వచ్చినా, ప్రశ్న చదివిన మనిషి వేలు ముందు తన సొంత జవాబు వైపే లాగుతుంది. అది అప్పకి తెలియదు. కళ్ల ముందు గీతలు వేసి చూపేదాకా భానోజీ గారికీ తెలియలేదు కదా.

తేదీల వరసలో గీతల్ని ఒక్కొక్కటే చూశాను. మొదటిరోజు వేలు "దాదాపు రోజూ" పైన ఆగి గజగజలాడింది. వారం తర్వాత వణుకు తగ్గింది. చివరి రోజు, రెండు వందల పన్నెండో గీతలో వణుకు అసలు లేదు. నిబ్బరంగా వెళ్లి, నిబ్బరంగా తిరిగి వచ్చింది. బాధ తగ్గితే వేలు అటు వెళ్లదు. అటు వెళ్తూ కూడా వణకడం లేదంటే ఆ మనిషి లోపల ఏదో తేల్చేసుకుంది.

అప్పకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. మళ్లీ మళ్లీ చేశాను.

భానోజీ గారి గదిలోకి తలుపు తట్టకుండా దూరాను. నేను చెప్పింది వినగానే ఆయన ముఖం పాలిపోయింది. సోమవారం ఢిల్లీలో ఈ ఫలితాల మీద ఆయన మాట్లాడాలి. ఆ మాట ఎత్తుతారేమోనని ఒక్క క్షణం ఆయన్ని అసహ్యించుకోవడానికి సిద్ధపడ్డాను. ఆయన జేబులోంచి కారు తాళాలు తీసి డ్రైవరుని కేకేశారు. "జాబితా నేను ఆపిస్తాను. నువ్వు పో" అన్నారు.

ఆనందపురం దాటకముందే కారులోంచి మా అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. పలాసలోనే వ్యాన్లున్నాయి. నేను వెళ్లేసరికి నాలుగు గంటలు పడుతుంది. వాళ్లు పది నిమిషాల్లో వెళ్లగలరు.

"ఐడీ నంబరు చెప్పండి మేడం" అంది అటునుంచి ఒకమ్మాయి.

"ఐడీ లేదు. ఆవిడ పేరు దమయంతి. మన ట్యాబ్ పట్టుకుని తిరిగిన ఆరోగ్య కార్యకర్త."

"ఆవిడ స్కోరు ఎంతండీ?"

"ఆవిడకి స్కోరు లేదమ్మా. ఆవిడని ఎవరూ అడగలేదు. అడిగింది ఆవిడే."

"స్కోరు లేకపోతే బృందం కదలదండీ. రూల్ అలా ఉంది."

"ఆ రూల్ రాసింది నేనే!" అని అరిచాను. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు మీద కాలేశాడు.

"మరి మీకు తెలుసు కదండీ" అంది ఆ అమ్మాయి మర్యాదగానే.

భానోజీ గారు పై అధికారుల వెంటపడ్డారు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు సంతకాలు కావాలన్నారు. కారు శ్రీకాకుళం దాటింది, టెక్కలి దాటింది, నా ఫోన్ మోగలేదు. నేను అప్పకి నలభై సార్లు చేసి ఉంటాను. ఆ వీధిలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. స్విచ్ ఆఫ్ అని చెప్పే ఆ గొంతుని పట్టుకుని బతిమాలుకోవాలనిపించింది. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను. అప్పతో చివరిసారి ఎదురెదురుగా కూర్చుని ఎప్పుడు మాట్లాడాను? ఈ ట్యాబ్ ఎలా పట్టుకోవాలో నేర్పినప్పుడు. అంతకుముందు? బావ పోయినప్పుడు.

రెండు దాటుతుండగా పలాసలో అప్ప ఉండే వీధిలో దిగాను. తలుపుకి తాళం. ఎదురింటి అరుగు మీద దాలమ్మ కూర్చుని ఉంది. ఫ్యాక్టరీలో మానిపించాక ఇంటికి తెచ్చుకున్న జీడిపప్పు పొట్టు తీస్తోంది. వేళ్ల కొనలు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి.

"నువ్వేనేటి ఆ అద్దం సేసినదానివి?" అంది నన్ను ఎగాదిగా చూసి.

"నేనే పిన్నీ. తప్పయిపోయింది, నీ కాళ్లు పట్టుకుంటాను, తర్వాత ఎంత తిట్టాలో తిట్టు. అప్ప ఎక్కడుంది?"

నా ముఖం చూసి దాలమ్మ చేట పక్కన పెట్టింది. "పొద్దున్న తాళంచెవి నా సేతిలో పెట్టీసి ఎల్లిపోనాది. ఈ సంచీ కూడా ఇచ్చినాది, రేపు నర్సమ్మకి ఇచ్చీమని. ఎక్కడికని నానడగనేదు. మా ఇద్దరికీ మాటల్లేవు గదా."

సంచీ నేల మీద గుమ్మరించాను. తువ్వాలులో చుట్టిన ట్యాబ్. ఏ పిల్లకి ఏ తేదీన సూది మందు పడాలో గుండ్రటి అక్షరాలతో రాసిన నోట్‌బుక్, వచ్చే ఆరు నెలలకీ ముందే రాసేసి ఉంది. అడుగున మడతపెట్టిన ఆసుపత్రి కాగితం. మూడు నెలల కిందటి రక్తపరీక్ష. దమయంతి, వయసు నలభై ఒకటి. కిడ్నీల తాలూకు అంకె చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టారు. బావకి మొదట్లో వచ్చిన అంకె కూడా ఇంచుమించు అదే.

దాలమ్మకి చదువు రాదు. కాగితం రంగు చూసి తెలుసుకుంది. ఆ వీధిలో ఆ కాగితం చూడనివాళ్లు లేరు.

"ఓలమ్మో" అంది గుండె మీద చెయ్యి వేసుకుని. "మా వీధోళ్లని నా అరుగు మీదే అడిగినాది. ఆ పదిహేడో దాని కాడికి వొచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయేది. ఏటి దమయంతీ అంతే, గొంతు ఆరిపోతందే, నీళ్లియ్యి అనేది. నానే మంచినీళ్లిచ్చినాను. నా సేత్తోనే ఇచ్చినాను గాని ఇంకో మాట అడగనేదు." చీర కొంగు బిగించి కారు వైపు పరిగెత్తింది. "మీ బావ తోటకే ఎల్లుంటాది. ఎక్కు, ఎక్కు."

తోట ఊరికి మూడు కిలోమీటర్లు. తుఫానుకి పాత జీడిచెట్లన్నీ పడిపోతే, బావ ఆసుపత్రికి వెళ్లని రోజుల్లో ఒక్కొక్కటిగా మొక్కలు నాటాడు. ఇప్పుడవి మనిషెత్తు పెరిగాయి. కారు వెళ్లే దారి లేదు. ఇసకలో చెప్పులు కూరుకుపోతుంటే విడిచిపెట్టి పరిగెత్తాను. వెనక దాలమ్మ "దమయంతీ! దమయంతీ!" అని కేకలు పెడుతోంది.

దారి మలుపులో అప్ప చెప్పులు కనబడ్డాయి. రెండూ పక్కపక్కనే, గుడి ముందు విప్పినట్టు పద్ధతిగా ఉన్నాయి. వాటి మీద ఫోన్. చెప్పులు ముట్టుకున్నాను. ఎండకి కాలిపోతున్నాయి. ఎంతసేపటినుంచి ఉన్నాయో తెలియలేదు.

"అదిగో" అంది దాలమ్మ.

తోట చివర, కంచె దగ్గర, ఒక మొక్క మొదట్లో అప్ప కూర్చుని ఉంది. మోకాళ్ల చుట్టూ చేతులు పెనవేసుకుంది. పాదాలు వాచి ఉన్నాయి. బతికి ఉంది. బతికే ఉంది. నేను వెళ్లి మీద పడ్డాను. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. అప్ప నన్ను తొయ్యలేదు, పట్టుకోలేదు.

కాసేపటికి, "ఎవలు సెప్పినారే నీకు?" అంది.

"నీ వేలు చెప్పిందప్పా."

అప్ప కుడిచెయ్యి ఎత్తి ఆ వంకర వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మొదట నవ్వొచ్చినట్టుంది, నవ్వలేదు. గీతల సంగతి నేను తడబడుతూ చెప్పాను. దాలమ్మ కూడా విన్నది. ఆ జాబితాలో ఉన్నది తను కాదని, తమలో ఎవరూ కాదని అప్పుడే ఆవిడకి తెలిసింది. కోప్పడుతుందనుకున్నాను. అప్ప పక్కన ఇసకలో చతికిలబడి, వాచిన ఆ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుంది.

"నాలుగేళ్లు మీ బావని సూసినాను గదే" అంది అప్ప. "ఆ సూదులు, ఆ బస్సులు, ఆ నీళ్లు కొలుసుకుని తాగడం. ఆయనకి నానున్నాను. నాకు నువ్వు ఉంతావు. నాకు తెల్దేటి? ఉద్యోగం మానీసి వొచ్చి కూకుంతావు. అది నాకొద్దు. అందుకే నీకు సెప్పలేదు."

"అడగాల్సింది నేను కదప్పా."

"ఒకో ఇంటికి ఎల్లి అడుగుతుంతే అనిపించీదే నాకు, ఈ మాట నన్ను ఎవలైనా అడుగుతారా అని. అందరినీ నానే అడుగుతున్నాను. నన్ను అడిగీ మనిషి నేదు. ఫోనొస్తే నువ్వేమో తిన్నావా అంతావు."

కిడ్నీలు బాగుచెయ్యగల విద్య నాకు రాదు. ఇవాళ ఇంటికి తీసుకెళ్లినా రేపు మళ్లీ ఈ తోటకి రాదని ఎవరు చెప్పగలరు? ఆరేళ్లు కష్టపడి నేను చేసిన వస్తువు దాలమ్మ అరుగు మీద తువ్వాలులో పడి ఉంది. నా దగ్గర ఇంక మిగిలింది ఒక ప్రశ్న.

అప్పకి ఎదురుగా, మోకాళ్లు తగిలేలా కూర్చున్నాను. ముఖంలో ఏదీ కనబడకూడదని నేర్పినదాన్ని, అన్నీ కనబడనిచ్చాను. ముక్కు కారుతోంది, పెదాలు వణుకుతున్నాయి. తుడుచుకోలేదు.

"అప్పా, ఈ పదిహేను రోజుల్లో, ఈ బతుకు ఇక చాలు అనిపించిందా?"

అప్ప నా వైపు చూసింది. అలవాటు కొద్దీ నోరు తెరిచింది. "నాకేటే..." అంది. అక్కడ ఆగిపోయింది. నేను కదల్లేదు. దాలమ్మ కూడా కదల్లేదు. నల్లగా కాలిన ఆ వేళ్లు అప్ప పాదాన్ని పట్టుకునే ఉన్నాయి. గాలికి జీడాకులు కదిలాయి.

"దాదాపు రోజూ" అంది అప్ప.